వంటకు వదిన

2006 ఎండాకాలం. డోన్‌లో మాది కిరాణా వ్యాపారం. ఊరంతా ఎండకు మాడిపోతుంటే నేను మాత్రం శ్రీలంక అడవుల్లో తిరుగుతున్నట్టే ఉండేదాన్ని. చుట్టాలం పదకొండుమందిమి అక్కడికి వెళ్లాలనుకున్నాం. ఏ అడవిలో జలపాతాలున్నాయో, కొబ్బరిపాల అప్పాలు, పనసకాయ కూర ఎక్కడ బాగుంటాయో మూడు నెలలు కనుక్కుని ఒక నోటుబుక్కు నింపాను.

తీరా అందరం కూర్చున్నాక మా మరిది తన లిస్టు చదివాడు. బియ్యం, కందిపొడి, ఊరగాయలు, కరెంటు పొయ్యి, రెండు కుక్కర్లు. చివర్లో, "వంటకు వదిన."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆడ తిండి తినేకే గదప్పా మనం పోతాండేది?" అన్నాను.

"ఆడ తిండి మనకు పడదు వదినా. నువ్వు పొద్దున్నే వండి డబ్బాల్లో పెడితే సాలు," అన్నాడు. మా ఆయన తలూపాడు.

లేచి, అందరి పాస్‌పోర్టుల కట్టలోంచి నాది తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. "మీరు పోయి రాండి," అన్నాను.

వారం తిరక్కుండానే ప్రయాణం మానుకున్నారు. వండిపెట్టే మనిషి లేదట. ఆ కోపం నాకు ఈరోజుకీ చల్లారలేదు. ఎందుకంటే, "ఆ నోటుబుక్కులో ఏం రాసుకున్నావు?" అని ఆ పదిమందిలో ఒక్కరూ ఇంతవరకూ అడగలేదు.