మధుపర్కం మడతల్లో పసుపు

గోదారి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట ఎవరూ నమ్మరని తెలుసు కాబట్టే ముందుగా ఒట్టు పెట్టుకుంటున్నాను.

మా అక్కది గోదారి మధ్య లంక ఊరు. కొన్నేళ్ళ కిందట వరదొస్తే వాళ్ళ ట్రంకుపెట్టె రాజమండ్రిలో మా ఇంటికి చేరింది. నీళ్ళు తీశాక పెట్టె వెళ్ళిపోయింది కానీ అందులోని మధుపర్కం చీర మా బీరువాలోనే ఉండిపోయింది. తాళి కట్టించుకున్నప్పుడు అక్క కట్టిన తెల్ల నూలుచీర, ఎర్రంచు. “గంజి పెట్టకండి, పాత పంచెలో చుట్టి ఉంచండి” అని మరీ మరీ చెప్పింది. మా ఆవిడ వింటేనా! గంజి పెట్టించి, ఫెళఫెళలాడేలా ఇస్త్రీ చేయించి, ప్లాస్టిక్ కవర్లో దాచింది.

మొన్న బావగారి షష్టిపూర్తి రెండు రోజులుందనగా పొద్దున్నే ఫోను.

“ఒరేయ్, మధ్యాహ్నం వస్తున్నా. పీటల మీద ఆ చీరే కడతాను. తీసి ఉంచు.”

తీశాను. ప్రతి మడత మీదా పసుప్పచ్చ చార.

చీర పట్టుకుని వీధి చివర ఇస్త్రీబండి పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన వాసన చూశాడు.

“గంజి పెట్టి దాచారాండి?”

“మా ఆవిడండి.”

“గంజి బట్టలోనే ముదిరిపోద్దండి. ఆపైన ప్లాస్టిక్ కవరాయె, గాలాడదు, చెమ్మ పోదు. ఇంక తెలుపెక్కడుంటదండి?”

ఇంటికొచ్చి బ్లీచింగ్ పౌడర్ డబ్బా తీశాను. వెనకే వచ్చిన పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“పాత నూలండి బాబూ! పీలికలైపోద్ది.”

గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టాం. గంజి వదిలేదాకా నీళ్ళు మార్చాం. ఫోను మోగింది. “పంటు ఎక్కానురా.” అంటే పడవ మీద రేవు దాటుతోంది!

చీర డాబా మీద పరిచాం. “తెలుపు తెచ్చేదీ ఎండే, రంగు తినేసేదీ ఎండేనండి” అంటూ పెద్దాయన ఎర్రంచు మీద తువ్వాళ్ళు కప్పించాడు. ఆరనివ్వకుండా నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నాను. చారలు పలచబడుతున్నాయి. సరిగ్గా అప్పుడే సూర్యుడి మీదికి మబ్బొచ్చింది. మళ్ళీ ఫోను. “ఆటో ఎక్కాను.” మబ్బు మాత్రం కదల్లేదు.

అక్క డాబా మీదికి వచ్చేసరికి చీర ఇంకా తడిగానే ఉంది. చారలు పూర్తిగా పోలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక చారని వేలితో తడిమింది. నా నోరు ఊరుకోలేదు.

“పట్టిసీమ తీసుకెళ్ళానక్కా. స్వామి దగ్గర పెడితే పూజారిగారు పసుపు చల్లారు.”

“మడతల్లోనే చల్లారా?”

పెద్దాయన మొహం అటు తిప్పుకున్నాడు.

“గంజి ఎవరు పెట్టించారు?”

నేను మెట్ల వైపు చూపించాను. అక్కడ మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో నిలబడిపోయింది. అక్క ఆమెను చూసింది. తడిచీర తీసుకుని కుచ్చిళ్ళు పోసి చూసుకుంది. చారలు చాలావరకు లోపలికి పోయాయి. ఆ చీరతోనే పీటల మీద కూర్చుంది. కానీ ఆ రెండు రోజులూ మా ఆవిడతో మాట్లాడలేదు.

ఒట్టు సంగతి ఒకటి మిగిలింది. పైన ఒక ముక్క కల్పించాను. మా ఆవిడ పాత పంచె చేత్తో పట్టుకుని “వదిన వద్దన్నారండీ” అని అడ్డుపడింది. గంజి పెట్టించి, కవర్లో పెట్టి, బీరువా తాళం వేసింది నేనే. అక్కా, ఇది చదవగానే ఆవిడకి ఫోన్ చెయ్యి.