తిట్టినోళ్లకే చాయ్

మొన్న మా ఇంట్లో ఎవరో కానుగ నూనె సీసా మూత తీశారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మందమర్రిలో భాగ్యవ్వ సబ్బుల షెడ్డు గుర్తొచ్చింది, వెంటనే చాయ్ తాగాలనిపించింది. దానికో కథ ఉంది.

భాగ్యవ్వ గని కార్మికుడి భార్య. బొగ్గు మసి వదిలే సబ్బు ఊళ్లో దొరకడం లేదని, రేకుల షెడ్డులో కానుగ నూనెతో తానే వండడం మొదలుపెట్టింది. అమ్మకాలకు నన్ను పెట్టుకుంది. కంపెనీ అంటే బోర్డు, కుర్చీ, మర్యాద అనుకునే వయసు నాది. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, చాయ్ పోసి, సబ్బు ఎలా ఉందని అడిగేవాణ్ణి. మన చాయ్ తాగుతూ బాగాలేదని ఎవరంటారు? అందరూ భేష్ అనేవారు. రెండోసారి మాత్రం ఒక్కరూ కొనేవారు కాదు. సబ్బులు గుట్టలు పడ్డాయి. ఇక షెడ్డు మూసేద్దామనే దాకా వచ్చింది పరిస్థితి.

ఒక పొద్దున భాగ్యవ్వ నా చేతిలోని కెటిల్ లాక్కుంది.

"మల్లేశూ, మెచ్చుకున్నోళ్లకు చాయ్ బంద్. తిట్టినోళ్లకే పొయ్యాలె."

"తిట్లు తినెతందుకు మనమే చాయ్ పొయ్యాల్నా, భాగ్యవ్వా?"

"మరి? ఉత్తగ నిజం ఎవలు చెప్తరు?"

ఈ సంగతి కాలనీ అంతా పాకింది. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే తిట్టడానికి వరస కట్టారు. ఒకడు సబ్బు రంగును తిట్టాడు, ఒకడు వాసనను తిట్టాడు. ఇంకొకడు ఏ వంకా దొరకక బుర్ర గోక్కున్నాడు.

"గీ సబ్బుతోని తానం జేసి పోతే మా పోరడు నన్ను గుర్తు వడ్తలేడు!"

"గది మెచ్చుకునుడే. చాయ్ లేదు, పో," అంది భాగ్యవ్వ.

అప్పుడొచ్చింది పోశవ్వ అనే ఇంకో గని కార్మికుడి భార్య, చాయ్ సంగతి తెలియకుండానే, నిజంగా మండిపడుతూ. "నల్ల కాడ తడి చేతులకెళ్లి జారి మోరీల వడ్తుంది మీ సబ్బు! నా మొగడు అరగదీసేది సగం, మోరీ మింగేది సగం. ఇంకోపారి కొంటనా?"

భాగ్యవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చాయ్ మీద చాయ్ పోసింది. మర్నాడే, సబ్బు జారి మురిక్కాలవలో పడకుండా, పచ్చి సబ్బులకు పుల్లతో బెజ్జాలు పొడిచి సుతిలి తాడు కట్టాం. మెడలో సబ్బు వేలాడేసుకుని కుళాయి దగ్గరికి పోయే మగవాళ్లను చూసి నవ్వని మనిషి లేడు. నవ్వుతూనే అందరూ కొన్నారు.

షెడ్డు నిలబడింది. ఆసిఫాబాద్ నుంచి కూడా గిరాకీ వచ్చిన రోజు నేను గంతులేస్తుంటే, భాగ్యవ్వ గడప మీద దిగులుగా కూర్చుంది.

"ఏమైంది భాగ్యవ్వా?"

"పొద్దుగాలకెళ్లి ఒక్కలు సుత తిట్టలే. జర పరేషాన్‌గున్నది."

ఆ రోజు పడీ పడీ నవ్వాను. ఇప్పుడు నాకూ ఒక కంపెనీ ఉంది. నేను గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడతారు, ఏం చెప్పినా భేష్ అంటారు. నవ్వు రావడం లేదు, భయమేస్తోంది. భాగ్యవ్వ ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ, లేచి నిలబడ్డ ఆ వరుసలో చాయ్ పోయడానికి మూతి ముడుచుకున్న మనిషి ఒక్కరైనా ఉన్నారా అని వెతుక్కుంటాను.