ఆరు మూతలు, ఒక ఆయ్

పోయిన మంగళవారం మా ఇన్వర్టరుకి కొత్త బ్యాటరీ వచ్చింది. దీని పైన నీళ్ళు పోసే మూతలు లేవేమని అడిగితే, అమలాపురం నుంచి తెచ్చి బిగించినాయన ఓపిగ్గా చెప్పారు. ఇది నీళ్ళు పోసే రకం కాదట. లోపల వాయువు చేరి ఒత్తిడి పెరిగితే చిన్న రబ్బరు వాల్వు దానంతట అదే పైకి లేచి, ఎక్కువైనంత మటుకు బయటికి వదిలి, మళ్ళీ మూసుకుంటుందట. ఫోన్లలో, కరెంటు స్కూటర్లలో ఉండే వాటికి కూడా ఒకచోట రేకుని కావాలనే పల్చగా చేసి ఉంచుతారట. పేలే పరిస్థితి వస్తే ముందు అక్కడ చిట్లి, వాయువు పోతుందట. “మనం ముట్టుకోకుండా ఉంటే చాలండి మామ్మగారూ, దాని సంగతి అదే చూసుకుంటుంది,” అన్నారు నవ్వుతూ. నేను మంచినీళ్ళకని లోపలికి వెళ్ళి, ఆయన వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు.

మా ఇంట్లో మొదటి ఇన్వర్టరు పెట్టింది పంతొమ్మిదేళ్ళ కిందట. కొత్తపేటలో మావారి పినతండ్రిగారి అబ్బాయికి బ్యాటరీల కొట్టు ఉండేది. నాకు మరిది. ఉప్పలగుప్తం రొయ్యల చెరువులవాళ్ళ దగ్గర్నుంచి మా సంఘంలో అందరిళ్ళ దాకా బ్యాటరీ అంటే ఆయనే. ఏ చొక్కా చూసినా ఆసిడ్ పడి చిల్లులే. ఆదివారం ఆరాధనకి వేసుకొచ్చే తెల్ల చొక్కా చిల్లు మీద తోటికోడలు చిన్న పువ్వు కుట్టింది. పువ్వుల చొక్కా వేసుకునే మగాణ్ణి జిల్లాలో వీణ్ణొక్కణ్ణే చూశానని మావారు ఏడిపించేవారు. దానికీ ఆయన “ఆయ్” అనేవారు. మా వైపు ఆయ్ అంటే అవునని పైఊళ్ళవాళ్ళు అనుకుంటారు. వింటున్నానండి అన్నా, సరే కానివ్వండి అన్నా, ఇప్పుడు తీరిక లేదండి అన్నా, మీరు పెద్దవారు మీతో వాదించనండి అన్నా మాకు ఆ ఒక్క మాటే.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, అప్పటికి మూడేళ్ళ కిందటే రిటైరయ్యాను. ఏదైనా తేదీ వేసి రాసుకోకపోతే నాకు తోచదు. బ్యాటరీలో నీళ్ళు ఎప్పుడు పోసిందీ, ఎంత పట్టిందీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించేదాన్ని. మొదట్లో నలభై రోజులకి ఒక సీసా పట్టేది. తరవాత ముప్పై రెండు రోజులకే పట్టడం మొదలెట్టింది. ఆ ఎనిమిది రోజుల తేడా నాకు మింగుడుపడలేదు. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఆరు మూతలు, మూతకి రెండేసి సన్నటి చిల్లులు, మొత్తం పన్నెండు. మూత అన్నాక దానికి చిల్లులేమిటి? నీళ్ళు ఆవిరైపోయే దారి ఇదేనని తేల్చుకున్నాను.

ఆ వారమే మరిది వైర్లు బిగించడానికి వచ్చారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, స్టూలు మీద కూచుని పని చేస్తున్నారు. ఈ చిల్లులు మైనంతో మూసేస్తే నీళ్ళు నిలుస్తాయా అని అడిగాను. “ఆయ్” అన్నారు. నేను పుస్తకం తీసి, తేదీ, గంట వేసి, మరిదిగారు సరేనన్నారని రాసుకున్నాను. సమాధుల పండగకి వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఇంట్లో ఉన్నాయి. కరిగించి పన్నెండు చిల్లులూ శుభ్రంగా మూసేశాను. తరవాత నలభై రోజులకి చూస్తే నీళ్ళు దాదాపు తగ్గలేదు. పెన్షనర్ల సమావేశంలో ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను. కొన్నాళ్ళకి పెట్టె పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే టేపు పెట్టి కొలిచి, అర అంగుళం అని రాశాను. ఎండాకాలం వేడికి అయి ఉంటుందని పక్కన రాశాను. కొలవడం తెలుసుగాని ఏం కొలుస్తున్నానో తెలీదు.

ఆ ఏడు గాలివానకి మూడు రోజులు కరెంటు లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. నాలుగో రోజు పొద్దున్న పదకొండింటికి కరెంటు వచ్చి, ఆగకుండా ఛార్జి ఎక్కడం మొదలైంది. రెండు దాటాక సన్నగా బుస్సుమంటోందని మావారు వంగి చూసి, వైరు కదిపారు. రేకుల మీద కొబ్బరి గెలంతా ఒక్కసారి తెగిపడినట్టు చప్పుడైంది. ఆసిడ్ ఆయన ముఖం మీద చిమ్మింది. కాకినాడలో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఎడమ కన్ను దక్కలేదు.

ఇంటికి తెచ్చిన మర్నాడు పలకరించడానికి సంఘపెద్దలు, బంధువులు వచ్చి వరండాలో కూచున్నారు. మరిది, తోటికోడలు, నేను కలిపి పదకొండుమందిమి. మరిది కూచోలేదు. కాఫీ తీసుకోమంటే ఆయ్ అన్నారు గాని గ్లాసు ముట్టుకోలేదు. పగిలిన మూతలు చేత్తో తిప్పి చూసి, వాయువు పోయే దారి ఇదొక్కటేనండి, దీన్ని మూయకూడదండి అని నెమ్మదిగా అన్నారు. అందరూ నా వైపు చూశారు. నేను లేచి వెళ్ళి పుస్తకం తెచ్చాను. తేదీ చదివాను, గంట చదివాను, రాసిన మాట చదివాను.

“మీరు ఆయ్ అన్నారా, లేదా?”

“ఆయ్,” అన్నారు మరిది. చేతిలోని మూతలు కింద పెట్టి, “అన్నానండి వదినగారూ,” అన్నారు.

ఆవిడ పుస్తకంలో తప్పుండదని ఒక పెద్దాయన తీర్పు చెప్పేశారు. ఆ వరండాలో ఉన్నవాళ్ళం అందరం రోజుకి నూరుసార్లు ఆయ్ అనేవాళ్ళమే. ఆ మాటకి అర్థం ఏమిటో ఎవరికీ ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన ముట్టుకోని కాఫీ నా ఎదురుగానే చల్లారుతోంది. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసే పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

అన్న కన్ను పోగొట్టినవాడన్న పేరు కొత్తపేట నుంచి చెరువుల దాకా పాకడానికి నెల పట్టలేదు. ఏడాది తిరక్కుండా కొట్టు మూసేశారు. ఆ తరవాత ఎవరిదో చెరువు గట్టు మీద జనరేటర్లకి కాపలా ఉండేవారు. ఆదివారాలు చివరి వరసలో కూచునేవారు. మావారు తొమ్మిదేళ్ళ కిందట పోయారు. మరిది పోయి నాలుగేళ్ళు. ఆయన సమాధి దగ్గర ఆయన గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పమంటే, మంచివాడని ఒక్క ముక్క చెప్పి కూచున్నాను.

మంగళవారం వచ్చినాయన చెప్పిన మాట మూడు రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. శుక్రవారం ఆటో మాట్లాడుకుని, ముక్తేశ్వరంలో ఉంటున్న తోటికోడలి దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదేననీ, ఆ రోజే నాకు తెలుసుననీ చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ విన్నది. చెయ్యి ఆపలేదు.

“ఆ ఆయ్ మీకు కాదండి అక్కయ్యగారూ,” అన్నది. “అప్పుడు ఫోన్లో రైతుతో మాట్లాడుతున్నారంట. మీరు ఏం అడిగేరో ఆయన విననే లేదు. ఆ రాత్రే చెప్పేరు నాకు.”

మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు పుస్తకం తెచ్చేరు కదండి. కాదంటే వదినగారు అబద్ధం రాసినట్టవదా అన్నారు. అన్నగారికి కన్నుపోయి ఉంది, ఆ మాట ఆయనకి వినబడాలా అన్నారు.”

వచ్చే ఆదివారం గుడిలో లేచి నిలబడి చెబుతానన్నాను. ఆయన పేరు మీద పడ్డ మాట తీసేస్తానన్నాను. అప్పుడు ఆమె తల ఎత్తింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

“ఎవరికి చెబుతారండి? ఆ వేళ వరండాలో ఉన్నవాళ్ళలో మనిద్దరమే మిగిలేం. ఇప్పుడు గుడికొచ్చే పిల్లలకి ఆయన ఎవరో కూడా తెలీదు. మీరు చెబితే, ముందు ఆ నింద తెలుస్తుందండి వాళ్ళకి.”

ఆటోలో వస్తూ ఒక్కొక్కరినే వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆమె చెప్పింది సరిగ్గా ఉంది, తొమ్మిదిమంది పోయారు. నిజం చెప్పడానికి కాలం నాకు పద్దెనిమిదేళ్ళిచ్చింది. అన్నేళ్ళూ నేను ఊరుకుంటే, ఆ నిజం వినవలసినవాళ్ళని ఒక్కొక్కరినే తీసుకుపోతూ వచ్చింది.