మీట దగ్గరికి వెళ్ళని ఎలుకలు

ఆవిణ్ణి వీధి వీధంతా ఎలుకల పిన్ని అంటుంది. పేరు పెట్టింది పిల్లలే గానీ, పెద్దవాళ్ళ నోటికీ అదే పట్టుబడిపోయింది. ఊరి చివరి పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకోవడం ఆవిడ ఉద్యోగం. పంజరాల్లో రంపపు పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు కడిగి నింపడం, ఎవరికి ఒంట్లో నలతగా ఉందో కనిపెట్టి చెప్పడం. ఎవరికి అంటే ఎలుకలకే. ఆవిడ నోట ఎప్పుడూ "అవి" అని రాదు, "వీళ్ళు" అనే వస్తుంది. పిల్లలు లేరు, భర్త పోయి చాలాకాలమైంది. మేడమీది ఒంటిగదిలో కాపురం. మాట్లాడుకోవడానికి ఆవిడకి మిగిలింది వీళ్ళూ, ఒక అక్కా.

ఆ అక్కే ఇప్పుడు అలిగి కూర్చుంది.

అక్క ఇల్లు బస్సులో కాస్త దూరం. ఒకప్పుడు ఆదివారం వచ్చిందంటే పిన్ని అక్కడే. ఇద్దరూ మంచం మీద మఠం వేసుకుని పేకాడేవాళ్ళు. అక్క ముక్కలు ఒళ్ళో దాచేది. పిన్ని చూసీ చూడనట్టు ఊరుకుని, తనూ రెండు దాచేది. ఆఖర్న బావగారు వచ్చి ఇద్దర్నీ దొంగలని తిట్టి టీ పెట్టేవారు.

తర్వాత నడుం పట్టేసింది. పంజరాలు కడిగే గదిలో తడి నేల మీద కాలు జారి, చేతిలోని పంజరాల దొంతరతో సహా కూలబడింది. పడ్డ రోజు నవ్వుకుంది కూడా. ఆ నొప్పి మాత్రం వెళ్ళడం మరిచిపోయిన చుట్టంలా ఏళ్ళ తరబడి తిష్ఠ వేసింది. కూర్చుంటే ఒక రకం, లేస్తే ఇంకో రకం, పడుకుంటే కాల్లోకి దిగి జివ్వుమనేది. ముందు ఆదివారాలు ఒకటీ అరా తప్పాయి, తర్వాత తప్పనివే తక్కువయ్యాయి. నొప్పి మనిషి కదా అని అక్క ఏమీ అనలేదు.

పోయినేడాది ఒక మంచి డాక్టరు దొరికాడు. సూదులు, మాత్రలు, నేల మీద పడుకుని కాళ్ళెత్తే కసరత్తులు. నొప్పి చాలావరకు తగ్గింది. పిన్ని పొంగిపోయి అక్కకి ఫోను చేసి మరీ చెప్పింది. చిక్కంతా అక్కడే వచ్చింది, ఎందుకంటే నొప్పి తగ్గినా పిన్ని వెళ్ళలేదు. ఆదివారం తల దువ్వుకునేది, ఇస్త్రీ చీర కట్టుకునేది, సంచీ భుజాన తగిలించుకునేది, చెప్పులేసుకునే ముందు ఒక్క క్షణమని మంచం అంచున కూర్చునేది. అంతే. కిటికీలోంచి పడే ఎండ గోడ మీదినుంచి నేల మీదికి జారి, గది దాటి వెళ్ళిపోయేది. సాయంత్రం అదే చీర మడత పెట్టి లోపల పెట్టేసేది. ఏడుపూ రాదు, కోపమూ రాదు. సినిమాకి రమ్మన్న పక్కింటావిడకీ ఇలాగే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. కొన్నాళ్ళకి పక్కింటావిడ పిలవడం మానేసింది.

మరి ఉద్యోగానికెలా వెళ్తోందని వీధిలో అడిగేవాళ్ళు లేకపోలేదు. అది వెళ్ళాలనిపించి వెళ్ళడం కాదు. వెళ్ళకపోతే వీళ్ళు దాహంతో చచ్చిపోతారు, అందుకని వెళ్ళడం. ఒకరిద్దరు ఆవిడకి పొగరన్నారు, మిగతావాళ్ళు బద్ధకమన్నారు. బద్ధకమన్న మాటే ఆవిణ్ణి పట్టుకుంది. తనక్కూడా అదే అనుమానం.

ఇంతలో అక్కకి కంటి ఆపరేషనైంది. దానికీ వెళ్ళలేదు. కట్టు విప్పిన రోజు అక్క ఫోను చేసింది.

"నొప్పి తగ్గిందన్నావు. ఉద్యోగానికి పోతున్నావు. నా ఇంటికే నీకు కాళ్ళు రావట్లేదు. ఈ ఆదివారం రాకపోతే ఇంక నేను ఫోను చెయ్యను, నువ్వూ చెయ్యొద్దు."

అక్క ఊరికే అనే రకం కాదు. ఏదో మాట పట్టింపొచ్చి, ఆడపడుచు బతికున్నన్నాళ్ళూ ఆవిడ గడప తొక్కని మనిషి.

ఆ వారమే ఎలుకల గదిలో గొడవైంది. అక్కడ ఒక అమ్మాయి నొప్పి మీద పరిశోధన చేస్తోంది, అందరూ డాక్టరమ్మాయి అంటారు. కొన్ని ఎలుకలకి మత్తిచ్చి, వెనక్కాలి నరానికి చిన్న ముడి వేసింది. ఆ కాలు ఎప్పుడూ నొస్తూనే ఉంటుంది. మిగతావాటికి ముడి లేదు. రోజూ ఒక్కోదాన్నీ ఒక పెట్టెలో వదుల్తుంది. పెట్టె గోడకి మీట ఉంటుంది, నొక్కితే తీపి గుళిక రాలుతుంది. మొదట ఒక్క నొక్కు చాలు. పోను పోను ఒక్కో గుళికకీ ఇంకా ఇంకా నొక్కాలి. ఎక్కడ విసిగి మానేస్తుందో చూడటమే పరీక్ష. ముడి లేనివి పట్టు వదలకుండా నొక్కేవి. నొప్పివి కాసేపు నొక్కి, మూలకి పోయి, మీటకి వీపు పెట్టి కూర్చునేవి.

ఆ కూర్చోవడం పిన్ని చూడలేకపోయింది. ఎవరూ లేనప్పుడు డబ్బాలోంచి గుళికలు తీసి, నొప్పివాళ్ళకి చేత్తో పెట్టింది. పరీక్ష అయ్యాక పెట్టింది, ఒక్కోసారి పరీక్షకి ముందూ పెట్టింది. జాలి జాలే గానీ, ఆ గదిలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. ముందే తీపి తిన్న ఎలుక మీట నొక్కకపోతే అది నొప్పివల్లో, కడుపు నిండటంవల్లో ఎవరు చెప్పగలరు.

డబ్బా తేలికైపోవడం డాక్టరమ్మాయి కనిపెట్టింది. అడగ్గానే పిన్ని ఒప్పేసుకుంది. అమ్మాయి తల పట్టుకుంది. చేసిన పనంతా నీళ్ళపాలైందని, వేరే ఎలుకలతో మళ్ళీ మొదలుపెట్టాలని, పెద్దసారుకి చెప్పక తప్పదని అంది. వేరే ఎలుకలంటే ఇంకొందరి కాళ్ళకి ముడి. ఆ మాట పిన్నికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

తల దించుకుని నిలబడ్డావిణ్ణి చూసి అమ్మాయే మెత్తబడింది.

"పెడితే తిన్నాయా, పిన్నిగారూ?"

"తినడమేమిటమ్మా, నా వేలు కూడా తినేసేవాళ్ళే. రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని."

అమ్మాయి తలూపింది. పోయినసారి గుంపులో తామూ చూశామంది. పంచదార నీళ్ళు ముందు పెడితే నొప్పివీ అందరితో సమానంగా తాగాయట. రుచి పోలేదు, దానికోసం లేచి వెళ్ళడం పోయింది. కావలసినదాని వైపు మనల్ని లేపి నడిపించే చోటొకటి మెదడులో ఉంటుందట, నొప్పి చాలాకాలం ఉంటే ఆ చోటు మందగిస్తుందట. మందు ఇస్తే కాలి నొప్పి తగ్గింది, పాదం చక్కగా ఆనించాయి, అయినా మీట దగ్గరికి వెళ్ళలేదట.

"నొప్పి తగ్గినా వెళ్ళలేదా?" అంది పిన్ని. "బద్ధకమా మరి?"

"కాదండీ. వెళ్ళాలనిపించే చోటే నొచ్చింది."

"మళ్ళీ బాగవుతుందా?"

"తెలీదు పిన్నిగారూ. ఎలుకల్లోనే ఇంకా చూస్తున్నాం. మనుషుల సంగతి నేను చెప్పలేను."

మనుషుల సంగతి పిన్ని అడగనే లేదు.

ఆదివారం వచ్చింది. పిన్ని చీర కట్టుకుంది, సంచీ తగిలించుకుంది, మంచం అంచున కూర్చుంది. కాళ్ళు బాగానే ఉన్నాయి, నడుం బాగానే ఉంది. లేవాలి, లేవాలి అనుకుంటూనే ఉంది. ఆ అనుకోవడం గొంతుదాకా వచ్చి ఆగిపోతోంది, కాళ్ళదాకా దిగట్లేదు. ఎండ గోడ సగానికి వచ్చాక ఫోను తీసింది.

"బయల్దేరావా?" అంది అక్క.

"లేదక్కా."

"సరే అయితే."

"పెట్టెయ్యకు. నీ పక్కన కూర్చోవాలని ఉంది. నువ్వు తిడుతుంటే వినాలని ఉంది. బయల్దేరడమే రావట్లేదు. నొప్పి పోతూ పోతూ ఇంకేదో కూడా పట్టుకుపోయిందక్కా."

పిన్ని ఎలుకల సంగతి మొదలుపెట్టి, ముడి దగ్గర్నుంచి మూలన కూర్చోవడందాకా చెప్పుకొచ్చింది.

"అంటే నేను నీ తీపి గుళికనా?" అంది అక్క చివరికి.

"నువ్వంత తీపేం కాదులే."

అక్క నవ్విందో, ముక్కు చీదిందో తెలియలేదు. ఎలుకలకి వస్తే నీకూ వచ్చినట్టేనా అని గొణిగింది, కంటి ఆపరేషనైన తనే దిగిరావాలా అని సాధించింది. సాధిస్తూనే బావగారిని కేకేసి స్కూటరు తియ్యమంది.

"మీ మెట్లు చీకటి. నాకింకా చూపు సరిగ్గా ఆనట్లేదు. నువ్వే కిందికి దిగి చెయ్యందుకోవాలి. దిగుతావా?"

దిగుతానంది పిన్ని. అనేశాక భయమేసింది. అనడం ఎన్ని ఆదివారాలు అనలేదు.

స్కూటరు వచ్చి ఆగిన చప్పుడైంది, మళ్ళీ వెళ్ళిపోయిన చప్పుడైంది. పిన్ని ఇంకా మంచం అంచునే ఉంది. అక్క కేకలేస్తుందని చూసింది. చాలాసేపు అలాగే ఉంది.

"నేనిక్కడే ఉన్నానే," అంది అక్క కిందినుంచి. "తొందరేం లేదు." అంత నెమ్మదిగా మాట్లాడటం ఆవిడకి వచ్చని పిన్నికి తెలియదు.

పిన్ని సంచీ మంచం మీద పెట్టి, గోడ పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. చీకట్లో అక్క ముఖం కనపడలేదు. పైకి చాచి, గాలిలో తడుముతున్న చెయ్యి కనపడింది.