నా కారుకి నా మీటరు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా విద్యార్థులు మూతి బిగించి నవ్వుకుంటారు. నాలుగేళ్ళ కిందటి సంగతికి ఇంత దీర్ఘం అవసరమా మేడమ్ అన్నట్టు. వాళ్ళకేం తెలుసు? మా ఊరి మొత్తానికి ఎలక్ట్రిక్ కారు ఒక్కటే ఉన్న రోజులవి, ఆ ఒక్కటీ నాది. చప్పుడు లేకుండా వస్తుందని గేదెలు దానికి దారి ఇచ్చేవి కావు. హారన్ కొట్టినా పట్టించుకునేవి కావు, నేనే దిగి బతిమాలుకోవాల్సి వచ్చేది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పిడుగురాళ్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ని. లోకంలో అన్యాయమంటూ జరిగితే అది ముందుగా నాకే జరుగుతుందని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం బాగా ముదిరిందీ, తర్వాత కొంచెం సడలిందీ కూడా కరెంటు మీటరు దగ్గరే.

మాది మాచవరం వైపు రోడ్డు పక్క ఊరు. కారు రాకముందు కాలేజీకి షేర్ ఆటోలే దిక్కు. సాయంత్రం పూట పిడుగురాళ్లలో సున్నపురాయి లారీలు లేపే దుమ్ములో నిలబడి, ఆటో నిండేదాకా ఎదురు చూడాలి. ఒకరోజు ఆటోలు అసలు రాలేదు. నాన్న మోటార్ సైకిల్ మీద వచ్చేసరికి నేను గంటన్నరగా నిలబడి ఉన్నాను, జుట్టూ కనుబొమలూ తెల్లబడి మా నాయనమ్మకి చెల్లెల్లా తయారయ్యాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నాన్న "ఆడపిల్ల రోడ్డు మీద నిలబడే పని లేకుండా ఏదన్నా చూడాల" అన్నాడు. ఆ ఏడు మిరప డబ్బుల్లో కొంతా, నా జీతం మీద అప్పు కొంతా కలిపి ఒక సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొన్నాం. పెట్రోలు ఖర్చు ఉండదు కదా అని నేనే పట్టుబట్టాను. (ఖర్చు ఉండదు అన్న మాట నేను ఎన్నిసార్లు అన్నానో అమ్మ ఇప్పటికీ లెక్క చెబుతుంది.) నాన్న రోజూ పొద్దున్నే కారు మీది సున్నం దుమ్ము తడిగుడ్డతో తుడిచి, ఎండ తగలకుండా వేపచెట్టు కిందికి జరిపి పెట్టేవాడు.

మొదటి నెల బిల్లు వచ్చింది. మీటరు అబ్బాయి మిషన్లోంచి చీటీ చింపి ఇస్తూనే వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడంటేనే నేను అర్థం చేసుకోవాల్సింది. ఇంటి కరెంటుకి ఒక పద్ధతి ఉంది. కొంచెం వాడితే యూనిట్ చవక, వాడేకొద్దీ యూనిట్ ధర మెట్లు మెట్లుగా పైకి పోతుంది. నా కారు వచ్చి మా ఇంటిని ఒకేసారి పై మెట్టు మీద కూర్చోబెట్టింది. ఈ మెట్ల లెక్కని ఇంటర్ పిల్లలకి గ్రాఫు గీసి చెప్పగలిగే నేను, కారు కొనేముందు ఒక్కసారి కూడా వేసుకోలేదు. నాన్న చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, మళ్ళీ దూరంగా పట్టుకుని "ఏందే ఇది? మనింట్లో పిండిమర గానీ పెట్టామా?" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో ఏం జరిగినా తప్పు నా కారుదే. నాయనమ్మ ఫ్యాన్ ఆపేసి విసనకర్ర పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ "మా పిల్ల కారు తాగుద్దంట, మాకు మిగలద్దూ" అని చెప్పేది. టీవీ సీరియల్ మధ్యలో ఆపేసి అమ్మ నావైపు చూసే చూపు ఇక చెప్పనక్కర్లేదు. ఫ్రిజ్ మీద, మిక్సీ మీద, నాయనమ్మ గదిలో పగలంతా వెలిగే దేవుడి బల్బు మీద ఎవరికీ అనుమానం లేదు! ఒళ్ళు మండిపోయింది నాకు.

రెండో బిల్లు ఇంకా పైకి పోయింది. అప్పుడు నాన్న తీర్పు చెప్పాడు. "కొనడం ఒకెత్తు, మేపడం ఒకెత్తు. ఇంకొక్క బిల్లు చూస్తా. అది గూడా ఇట్టాగే వస్తే కారు అమ్మేసి నిన్ను పిడుగురాళ్ల హాస్టల్లో చేరుస్తా." హాస్టలంటే మా కాలేజీ హాస్టలే. అంటే పొద్దున పైథాగరస్ చెప్పిన పిల్లల వెనకే సాయంత్రం పళ్ళెం పట్టుకుని ఉప్మా వరసలో నిలబడాలి. వాళ్ళు "మేడమ్, మీరు ముందు రండి" అంటారు, అది ఇంకా ఘోరం. చచ్చినా పోనన్నాను. ఆ గొడవ విని మా బాబాయి వచ్చి, ఎంతో సులువైన విషయం మాకు తట్టనందుకు జాలిపడుతూ "చేలో మోటారుకి కరెంటు ఊరికే వస్తది గదా, కారు ఆడికి తోలకపోయి పెట్టు" అన్నాడు. నేను నిజంగానే ఒక్క నిమిషం ఆలోచించాను. నాన్న ఆ నిమిషం కూడా ఇవ్వలేదు. "పైరుకిచ్చిన కరెంటు కారుకి పోస్తావా? రేపు నీళ్ళందక పక్క చేనోడి మిరప ఎండితే వాడి మొహం ఎట్టా చూస్తాం రా?" అని బాబాయి మీద లేచాడు. బాబాయి టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఇక నేనే రంగంలోకి దిగాను. ఫోనులో వెతికితే బండ్ల ఛార్జింగ్‌కి వేరే కేటగిరీ ఉందనీ, వేరే మీటరు పెట్టించుకుంటే ఎంత వాడినా యూనిట్‌కి ఒకటే ధర అనీ తెలిసింది. మెట్లూ లేవు, గిట్లూ లేవు! కాగితాలన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టుకుని, కాలేజీకి సగం పూట సెలవు పెట్టి కరెంటాఫీసుకి వెళ్ళాను. అక్కడ బల్ల వెనక ఒక పెద్దాయన. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని "వ్యాపారం కిందకి వస్తదమ్మా, షాపు మీటరు ఇస్తాం" అన్నాడు. వ్యాపారమేంటండీ, నా కారుకి నేను పెట్టుకుంటే అన్నాను. "ఛార్జింగ్ పెట్టడమంటే వ్యాపారమే గదమ్మా. పోనీ ఇంటి మీటరుకే లోడు పెంచమంటావా?" అన్నాడు. ఆ ఇంటి మీటరు నుంచి పారిపోయే కదా నేను వచ్చింది! కేటగిరీ కాగితం తీసి ఆయన ముందు పెట్టి, వేలు పెట్టి, క్లాసులో చెప్పినట్టు ఒక్కో లైనూ చదివాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని "ఇది ఉందని నాకు తెలుసులే. ఇంతవరకు ఎవరూ అడగలా. మొదటిది కదా, ఎట్టా రాయాలో సార్‌ని అడగాల" అన్నాడు. ఆ సార్ కోసం ఆ వారంలోనే నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి మీటింగు, ఒకసారి ఈదురుగాలికి స్తంభాలు పడ్డాయని ఫీల్డు, ఒకసారి భోజనం, ఇంకోసారి కూడా భోజనమే. నాలుగోసారి ఆ పెద్దాయనతో ఏమన్నానో ఇక్కడ రాయను. లైన్లో నా వెనక నిలబడ్డ రైతులు మాత్రం చప్పట్లు ఒక్కటే తక్కువగా విన్నారు. మొత్తానికి సార్ సంతకం పడింది.

లైన్‌మన్ వచ్చి, రీడింగ్ తీసుకోవడానికి వీలుగా మీటరు పెట్టెని రోడ్డు వైపు ప్రహరీ గోడకి బిగించాడు. కింద ఒక పెద్ద ప్లగ్ పాయింటు. ఏ మీటరు దేనికో తేడా తెలియాలి కదా అని ఎర్రరంగు డబ్బా తీసి గోడ మీద సర్వీసు నంబరు వేశాడు. దాని కింద, మంజూరు కాగితంలో కేటగిరీ పేరు ఎలా ఉంటే అలాగే, మూర పొడుగు అక్షరాలతో "ఛార్జింగ్ స్టేషన్" అని రాశాడు. దస్తూరి మాత్రం ముత్యాల్లా ఉంది. నేను పొంగిపోయి ఆయనకి కాఫీ ఇచ్చి, గోడ పక్కన నిలబడి ఫోటో కూడా దిగాను. నా కారుకి నా మీటరు! (ఆ ఫోటో ఇంకా నా దగ్గరుంది. అందులో నా మొహంలో వెలుగు చూస్తే ఇప్పటికీ ఆ పిల్ల మీద జాలేస్తుంది.)

మూడోరోజుకి బెల్లంకొండ నుంచి వచ్చే బ్యాటరీ ఆటో ఆయన దిగాడు. గోడ చదివి, సరాసరి లోపలికొచ్చి "ఎంతండీ గంటకి?" అని అడిగాడు. నాన్న అరుగు మీద ఉన్నాడు. ఇది అమ్మేది కాదని, మా అమ్మాయి కారుదని ఒక్క మాట చెప్పి పంపేస్తే సరిపోయేది. కానీ మా ఇంట్లో గుమ్మం దాకా వచ్చినవాణ్ణి లేదని పంపడం మా తాతల నాటి నుంచి లేదు. నాన్న నొచ్చుకుని "డబ్బులేంది మావా, పెట్టుకో. ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగు" అన్నాడు. ఈ వార్త ఎంత తొందరగా పాకిందంటే, వారం తిరిగేసరికి ఆటోలు, స్కూటర్లు, ఎక్కడో లోపలి ఊరి నుంచి ఒక పాల బండి! నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నా ప్లగ్‌లో ఎవరిదో తీగ. నాన్న అరుగు మీద మజ్జిగ గ్లాసుల మధ్య కూర్చుని, ఈసారి మిరప రేటు ఎట్టా ఉందో కనుక్కుంటూ ఉండేవాడు. నా బిల్లు చూసి గుండె పట్టుకున్న మనిషేనా ఈయన? "నాన్నా, ఇది నా మీటరు!" అని అరిస్తే, "నీదే లేమ్మా, ఎవరు కాదన్నారు, ఆయనది గంటలో అయిపోద్ది" అనేవాడు. నాయనమ్మ సంగతి ఇంకా దారుణం. నా కారు మీద పగతో ఫ్యాన్ ఆపుకున్న మనిషి, ఆటోవాళ్ళు వస్తే "పాపం చెమటలు పడుతున్నాయి నాయనా" అని వాళ్ళకి ఫ్యాన్ వేసేది.

ఒక సాయంత్రం ఇక భరించలేకపోయాను. కారులో ఛార్జి అడుగంటింది, పొద్దున ఎనిమిదింటికి పరీక్ష డ్యూటీ. ప్లగ్‌లో ఒక ఆటో తీగ. మూడో బిల్లు నాలుగు రోజుల్లో వస్తుంది, వచ్చాక హాస్టల్లో ఉప్మా. నేను ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా విసురుగా పోయి ఆ తీగ పీకేసి నాది పెట్టాను. వెనక్కి తిరిగితే అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు. మిరపకోతల నుంచి వస్తున్నారు, చేతులకి ఇంకా గుడ్డలు చుట్టుకునే ఉన్నారు. వాళ్ళ ఆటో దారిలో ఆగిపోతే మా గోడ దాకా తోసుకుంటూ వచ్చారట. అందులో పెద్దావిడ లేచి నిలబడి "నీ కారుకి అడ్డమొచ్చామా తల్లీ? మేం నడిచిపోతాంలే, ఐదు మైళ్ళేగా" అంది. ఆవిడ కనుబొమల మీద తెల్లటి సున్నం దుమ్ము ఉంది. నేను నా తీగ తీసి వాళ్ళది మళ్ళీ పెట్టాను. లోపలికి పోయి నేనే మజ్జిగ కలిపి తెచ్చాను, అందులో ఉప్పు బదులు పంచదార పడిందని వాళ్ళు వెళ్ళాక నాయనమ్మ చెప్పింది. పాపం వాళ్ళు గ్లాసు ఖాళీ చేసి బాగుందన్నారు. వాళ్ళ వెనక వచ్చిన బండ్లన్నీ అయ్యాక ఆ రాత్రి కారుకి మిగిలిన కాసేపు కరెంటుతోనే పొద్దున్నే కాలేజీకి చేరాను, ఏసీ వేయకుండా, ఊపిరి బిగబట్టుకుని.

మూడో బిల్లు వచ్చింది. రెండు చీటీలు. ఇంటిది దాదాపు పాత రోజుల్లాగే చక్కగా దిగిపోయింది. కొత్త మీటరుది మాత్రం ఆ దిగిందంతా తన మీదికి ఎక్కించుకుంది. నాన్న దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు. నేను నీలం ఫైలు గుండెకి హత్తుకుని, చెప్పాల్సిన వాదనలన్నీ వరసగా పేర్చుకుని నిలబడ్డాను. నాన్న చీటీ మడిచి జేబులో పెట్టుకుని "ఇది కారు బిల్లు కాదులే. వచ్చిపోయే జనం బిల్లు. ఇంటికొచ్చినోళ్ళ ఖర్చు నేను చూసుకుంటా" అన్నాడు. అంతే. కారు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. నెల పొడుగునా నేను ఎవరిని శాపనార్థాలు పెట్టానో ఆ ఆటోలే నా కారుని కాపాడాయి. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కారు ఎన్ని యూనిట్లు ఎక్కించుకుందో దాని ముందున్న తెరమీద నెల లెక్క కనిపిస్తుంది. లెక్కల మేడమ్‌ని, కూడికా తీసివేతా రాకపోదు. ఆ బిల్లులో ముప్పాతిక భాగం నా కారుదే. అన్యాయం మీద అంతెత్తున లేచే నేను, ఆ పూట నోరు మెదపలేదు.

ఇప్పుడు గోడ మీది అక్షరాలు వెలిసిపోయాయి, అయినా దారిన పోయేవాళ్ళకి మా గోడ తెలుసు. నాన్న ఇంకా ఆ అరుగు మీదే. మొన్నొక ఆదివారం నెల బిల్లు నా చేతికొస్తే, ఈ నాలుగేళ్ళ బరువు దించేసుకుందామని "నాన్నా, ఈ బిల్లులో నిజానికి..." అని మొదలుపెట్టాను. ఆయన కారు అద్దం తుడుస్తూ, గుడ్డ పిండుతూ, తల ఎత్తకుండానే "రోజూ పొద్దున్నే దీన్ని నీడకి జరిపేది ఎవరే? ఆ తెర మీద అంకెలు నాకు కనపడవనుకున్నావా ఏంది? పో, పోయి మజ్జిగ తీసకరా, ఆ ఆటో ఆయన వచ్చి ఎంతసేపైంది" అన్నాడు. నీలం ఫైలు పట్టుకుని లోకం మీదికి యుద్ధానికి బయల్దేరిన ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల గుర్తొచ్చి, వంటింట్లో నాలో నేనే నవ్వుకుంటూ, ఈసారి ఉప్పు డబ్బా మూత తీసి రుచి చూసి మరీ వేశాను.