రెండు పడులకూ బొట్టు

పోయిన నెల తిరువళ్ళూరులో మనవరాలి కొత్త ఇంటికి పోయినప్పుడు, వాకిలి పక్కన చెప్పుల బీరువా మీద ఒక ఇనుప పడి, నున్నగా నల్లరంగు పూసి, లోపల ప్లాస్టిక్ పూలు గుచ్చి పెట్టి ఉంటే చూసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా అట్లే నిలబడిపోయినాను. నాయన అటక మీద నుంచి తెచ్చిచ్చినాడు, పాత సామానుకు ఇప్పుడు గిరాకీ అవ్వా, అనింది మనవరాలు. మన కాలం వాళ్ళకు పడి అంటే చెప్పాల్సిన పని లేదు, వడ్లూ బియ్యమూ దాంతో కొలిచి కొలిచి మన మణికట్లు అరిగిపోయినాయి. పూలు పెరికి పక్కన పెట్టి, లోపలికి చెయ్యి పెట్టినాను. తగలాల్సిన దానికంటే ముందే అడుగు తగిలింది. మా అత్తింటి పడే.

నేను అత్తిమంజేరిపేటకు కోడలిగా పోయింది ఎమర్జెన్సీ అయిపోయిన తర్వాతి యేడు. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని, లోకం తెలీదు. మా ఆయనకు ఆవడిలో ఫ్యాక్టరీ పని, శనివారం రైలుకు వచ్చి ఆదివారం సాయంత్రం మళ్ళీ పోయేవాడు గనక, నాకు ఇల్లంటే మా అత్తా మామలే. మామకు నాలుగు కాణుల మాగాణి, అంటే అయిదెకరాల పైనే ఉండేది. కోతకు ఊరికి తూర్పున ఉన్న హరిజన కాలనీ ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళంతా క్రైస్తవులు, వాళ్ళకు బోదగడ్డి కప్పిన చిన్న గుడి ఉండేది, దాంట్లో వాక్యం చెప్పను ఒక ఉపదేశి ఉండేవాడు. ఆయనకిచ్చే జీతం ఉప్పుకే చాలదని ఆయన పెండ్లాము కూడా అందరితో పాటు కొడవలి పట్టేది. ఊరంతా ఆమెను ఉపదేశమ్మ అనే పిలిచేది.

ఆడమనిషికి రోజుకు మూడు పడుల వడ్లు కూలి. ఇంట్లో పడులు రెండు ఉండేవి, బయటికి చూస్తే కవలపిల్లల మాదిరి ఉండేవి. ఒకదానికి బొట్టు, ఒకదానికి లేదు. కూలోళ్ళకు బొట్టు లేని దాంతో కొలవమని మా అత్త మొదటి రోజే చెప్పింది. అంటూ ముట్టూ కోసం వేరే పెట్టినారని నేను అనుకున్నాను, ఆ కాలంలో యే కోడలైనా అట్లే అనుకునేది. నెల దినాలు నా చేత్తోనే కొలిచి వాళ్ళ కొంగుల్లో పోసినాను. పడి రవ్వంత వెలితిగా ఉంది చిన్నమ్మా అని ఒకరిద్దరు గొణిగేవాళ్ళు గాని, తెచ్చిన వడ్లు తెచ్చినట్టే దంచుకొని గంజి కాచుకునే ఇంట్లో మళ్ళీ కొలిచి చూసే తీరిక ఎవరికుంటుంది?

తై నెల, అదే సంక్రాంతి నెల, కృత్తికకు మా అత్త మొక్కు తీర్చుకోను తిరుత్తణి కొండకు పోయింది. ఆ ముందు రోజు శుక్రవారం నేను సామాన్లన్నీ చింతపండేసి తోమి, మా పుట్టింట్లో దేన్నీ బోసిగా పెట్టే అలవాటు లేదు గనక, రెండు పడులకూ బొట్టు పెట్టేసినాను. మరుసటి రోజు ఉపదేశమ్మ పెరటి దోవన వచ్చి, రేపు గుడిలో కోతపండగ, యేటా అయ్యవారింట్లో పడి అడుక్కునేవాళ్ళం, ఆయన బదిలీ అయిపోయినాడు, ఒకపూటకు పడి ఇస్తావా తల్లీ అని అడిగింది. రెండింటికీ బొట్టే గదా, చేతికందింది తీసి ఇచ్చినాను.

వాళ్ళలో ఒక ఆచారం ఉండేది. వంటకు బియ్యం వేసేటప్పుడు ప్రతి ఆడదీ ఒక పిడికెడు దేవుడి పేరు చెప్పి వేరే కుండలో వేస్తుంది. తాము అర కడుపు తిన్న నాడు కూడా వేస్తుంది. కోతపండగకు ఆ కుండలన్నీ తెచ్చి గుడిలో కొలుస్తారు. ఆ యేడు అందరి ముందరా మా పడితో కొలిస్తే ఇరవై పడులైనాయి. గుడికి కొత్త బోద కప్పించాలని ఉపదేశి ఆ మూట బస్సులో పొదటూరుపేటకు తీసుకొనిపోయి బియ్యం అంగట్లో వేస్తే, అక్కడి సర్కారు ముద్ర వేసిన పడితో పదహారే వచ్చినాయి. నాలుగు పడులు బస్సు దిగడం మరిచిపోయినాయా ఉపదేశీ అని వాళ్ళ మగవాళ్ళే నవ్వినారంట. ఆ మాట ఆయన మింగినాడు గాని ఆమె మింగలేదు. మా పడి కొంగులో చుట్టుకొని అదే అంగడికి నడిచిపోయి, ముద్ర పడి నిండా బియ్యం పట్టి దీంట్లోకి పోయించింది. నిండి, పొర్లి, కింద పడినాయి.

ఆ మధ్యాహ్నం మా అత్త నిద్రపోతా ఉంటే ఉపదేశమ్మ పెరట్లోకి వచ్చింది. అరవలేదు. పడి నా ముందర పెట్టి, బయట వేళ్ళు ఆనించి కొలుచుకో చిన్నమ్మా, ఇప్పుడు లోపల కొలుచుకో, అనింది. బయట తొమ్మిది వేళ్ళు, లోపల ఏడు. అడుగున ఇంకొక రేకు వేసి అతికించినారు. నీకు తెలీదని నీ మొహమే చెప్తా ఉందిలే, అని ఆమె లేచి పోయింది.

మరుసటి తెల్లవారి మడిలోకి ఒక్క మనిషీ రాలేదు. చేను పండి వంగిపోయింది, పైన చూస్తే కాలం కాని కాలంలో మబ్బు మోడం. దొంగపడి సంగతి కాలనీ అంతా తెలిసిపోయిందనీ, గుడి ముందర కూర్చొని ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారనీ జీతగాడు వచ్చి చెప్తే, మతం మారినాక నోర్లు లేచినాయి అని మా అత్త మెటికలు విరిచింది. మామ పక్క ఊర్లకు మనిషిని పంపినాడు. వాళ్ళ వరికోతా ఇప్పుడే కదా, ఎవరూ రాలేదు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో గిన్నె చప్పుడైనా అందరూ ఉలిక్కిపడేవాళ్ళం. పడి బయటికి ఎట్ల పోయిందో మామ ఇంకా నన్ను అడగలేదు, ఎప్పుడు అడుగుతాడో అని ఆయన ముందరికే పోకుండా పెరట్లోనే తిరిగేదాన్ని.

రెండో రోజు సాయంత్రం ఉపదేశిని రమ్మంటే ఆయన వెనకే ఉపదేశమ్మా, తక్కిన ఆడవాళ్ళూ వచ్చి వాకిలి బయట నిలబడినారు. మామ ఆయన్ని వదిలేసి ఆమెనే పట్టుకున్నాడు.

"నా ఇంటి పడి నీ చేతికి ఎట్ల వచ్చింది? ఎవరిచ్చినారు?"

ఆమె ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడింది.

"మీ దేవుడి మీద ఒట్టు పెట్టి చెప్పు."

"మేము ఒట్లు పెట్టుకోమయ్యా. అబద్ధమూ చెప్పను. ఎవరిచ్చినారని మాత్రం నన్ను అడగొద్దు."

"అయితే దొంగిలించినావు. టేసన్లో అదే చెప్తాను. రాత్రికి అక్కడే పాడుకో నీ పాటలు."

ఉపదేశి ముందుకు వచ్చి ఏదో అనబోతే ఆమె చేత్తో ఆపి, కోసినోళ్ళ కూలి పట్టి పెట్టుకుంటే ఆ కూలే పైకి అరుస్తుందని మా గ్రంథంలో ఉందయ్యా, నేను అరవాల్సిన పని లేదు, అని ఊరుకుంది. నేను తలుపు వెనక ఉన్నాను. నా పేరు ఒక్క మాట చెప్పేస్తే ఆమె దొంగతనం నుంచి బయటపడుతుంది, చెప్పడం లేదు. మామ ముందర నేను అంతవరకూ నిలబడి మాట్లాడిందే లేదు. లోపలికి పోయి రెండు పడులూ చెరొక చేతా పట్టుకొని వచ్చి, ఆయన కాళ్ళ ముందర పక్కపక్కన పెట్టినాను, రెండింటికీ నేను పెట్టిన బొట్టే.

"నేనే ఇచ్చినాను మామా. రేపు కూలి దేంతో కొలవాల?"

మా అత్త నా రెక్క పట్టి లాగింది, నేను కదల్లేదు. మామ పడుల వైపు చూసి, మోడం వైపు చూసి, పెద్దదాంతోనే కొల్చు, అని లోపలికి పోయినాడు. పోయిన యేండ్లవి ఎట్లయ్యా అని ఒక ముసలామె వాకిట్లో నుంచి అడిగింది. ఆ వడ్లు ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. తెల్లవారి అందరూ మడిలోకి దిగినారు, వాన రాకముందే కోత ముగిసింది. మా అత్త ఉగాది దాకా నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత కూలి కొలిచేటప్పుడంతా మూడు పడులు పోసి, పైన ఒక పిడికెడు వేసేదాన్ని. వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఒకసారి ఉపదేశమ్మ నవ్వి, "మా అమ్మ కాలం నుంచి ఉండే బాకీ తల్లీ ఇది, నీది చిన్న పిడికిలి, యేం తీరుస్తావు?" అనింది. అన్నా కొంగు పట్టింది.

ఆమె పోయి చాలా కాలమైంది. ఆ మాగాణిలో ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతినారు, పిడికెడు వేద్దామన్నా కొంగు పట్టేవాళ్ళు లేరు. మనవరాలింట్లో గిన్నెలు తోమను ఒకామె వస్తుంది, ఆమెకు జీతం ఫోనులోనే పోతుందంట, చెయ్యి పెట్టి చూద్దామంటే ఆ ఫోనుకు అడుగు యాడుందో నాకు తెలీదు. ఊరికి బయల్దేరే రోజు వంటింట్లో ఆమెను మెల్లగా అడిగినాను, ఏమ్మా, నీకు సరిగ్గా వస్తా ఉందా అని. వస్తుందవ్వా, అనింది. అనే ముందర ఒకసారి మనవరాలి గది వైపు చూసింది.