మర్చి తిన్న ముద్ద

కోంటలో మా పక్కింటి దాదీ పోయిందన్న మాట నాకు భద్రాచలంలో తెలిసింది. తమ్ముడి కూతురి పెళ్ళికని పుట్టింటికి వచ్చి ఉన్నాను. మా దుకాణం నుంచి చింతపండు వేసుకొచ్చిన బండ్ల మనిషి ఎడ్లను విప్పుతూ, "పక్కింటి ముసలమ్మ పోయిందమ్మా. నిద్రల్నే పోయిందంట" అన్నాడు. ఇంకేమడిగినా తెలియదన్నాడు. వసారాలో కూర్చుని ఏడ్చాను. ఏడుపు తగ్గాక, ఆమెను అడగాలనుకుని అడగని ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఇన్నేళ్ళూ ఆమె నాకు అట్లా లోకువైపోయి, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నేను కోంటకు కోడలిగా వచ్చేనాటికి ఆమెది ఇంకా నడివయసే. మనవడు పుట్టడంతో వీధంతా దాదీ అన్నారు, నేనూ అన్నాను. ఆమె కొడుకు సంతల్లో తిరిగి అడవి సరుకు కొనేవాడు. మా మామగారు అది దుకాణానికి తీసుకునేవారు. రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు మట్టిగోడ, అంతే. దాదీ, సరుకు తెచ్చిన దోర్ల గిరిజన ఆడవాళ్ళతో వాళ్ళ మాట, సంతలో హల్బీ, కోడలితో ఉర్దూ, నాతో తెలుగు మాట్లాడేది. నమాజులో చదివేది మాత్రం నాకు ఏమీ అర్థం కాక, ఏమిటని అడిగాను. "అది నాక్కూడ మొత్తం రాదు బిడ్డా. వినేటాయనకు వస్తది" అంది.

ఆ రోజుల్లో రంజాను ఎండాకాలంలో, సరిగ్గా చింతపండు కాలంలో వచ్చేది. పెచ్చు ఊడగొట్టి, చిన్న కొయ్యసుత్తితో కొట్టి గింజ తీయడం రెండిళ్ళ ఆడవాళ్ళ పని. ఆ పనిలో చెయ్యి తనంతట తానే నోటికి పోతుంది. పుల్లగా ఉందో తియ్యగా ఉందో చూడకుండా చింతపండు ముందు కూర్చున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. నేను కొత్తగా వచ్చిన ఏడే, ఒక మధ్యాహ్నం, రోజా ఉపవాసంలో ఉన్న దాదీ మాటల్లో పడి ఒక పండు తుంచి నోట్లో వేసుకుంది.

"నోట్లో ఏంది దాదీ?" అన్నాను.

గబుక్కున ఉమ్మేసింది. లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకొచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ సుత్తి పట్టుకుంది.

"రోజా పోయిందా మరి?"

"ఎట్ల పోతది? మర్చి తింటే పోదు. అది అల్లా పెట్టిన ముద్ద. యాదికొచ్చినంక మింగితెనే పోయేది."

నేను నమ్మలేదు. మా అత్తగారి ఏకాదశి సంగతి వేరు. చిలగడదుంపలు, పాలు, అరటిపళ్ళు ఎన్నైనా తినొచ్చు. ఆ లెక్కన మామూలు రోజే నయం. కాని ఒకసారి నేను పరధ్యానంగా నాలుగు మరమరాలు నోట్లో వేసుకున్నానని, వ్రతం చెడిందని ఇల్లెగిరిపోయేట్టు కేకలేసి, మళ్ళీ మొదటి నుంచి పట్టించింది. అదే మరుపుకు గోడ అవతల విందు, గోడ ఇవతల దండన. ఇదెక్కడి న్యాయమో తేల్చుకోకుండా నేను ఊరుకునే మనిషిని కాదు.

"అయితే రోజూ మర్చిపోయినట్టు నటిస్తే?" అని అడిగాను.

"నటించు, ఎవరొద్దన్నరు? మీ అత్తకు తెల్వదు, నాకు తెల్వదు" అని, వేలు పైకి చూపించి నవ్వింది.

రంజాను నెల ఏటా కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. చింతపండు కాలం వదిలి చలిలోకి, వరికోతల్లోకి, చివరికి వానల్లోకి వచ్చింది. "మా పండుగలు ఎక్కడివక్కడ కూసుంటయి, మీదేంది దాదీ ఇట్ల తిరుగుతది?" అంటే, "అన్ని కాలాల ఆకలి తెల్వొద్దా?" అంది.

వానాకాలంలో కోంటలో పొద్దు ఎప్పుడు గుంకిందో చెప్పడం కష్టం. వీధికంతా గడియారం మా దుకాణంలోది ఒక్కటే, దానికి నిజం చెప్పే అలవాటు లేదు. ఒకనాడు పడమటి అడవి మీద మబ్బు కమ్మి, కోళ్ళు కూడా గూట్లోకి వెళ్ళిపోయాయి. దాదీ గ్లాసెత్తి నీళ్ళు తాగింది. రెండు గుటకలు పడ్డాయో లేదో, మబ్బు విడిపోయి సూర్యుడు నిక్షేపంగా కనిపించాడు. ఆమె గ్లాసు కింద పెట్టేసి, అసలు పొద్దు గుంకేదాకా మళ్ళీ పస్తు కూర్చుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదట.

"పాపం లేదు. కని ఈ రోజు లెక్కకు రాదు. పండుగైనంక ఒక రోజు ఉంట" అంది.

"ఇది కూడ పొరపాటే గద. చింతపండుకు పోనిది రెండు గుటకల నీళ్ళకు పోయిందా?"

"మరుపు నా చేతుల లేదు బిడ్డా. తొందర నాది. ఇంకింత ఆగి చూస్తే ఎవరన్న కొడుతరా?"

పండుగయ్యాక అన్నమాట ప్రకారం ఉంది. ఈ తేడా నాకు ఎంత నచ్చిందంటే, మా ఇంట్లో ఎవరు పొరపాటైందన్నా అది మరుపా, తొందరా అని ఇప్పటికీ అడుగుతాను. మా ఆయనవి ఎక్కువ తొందరలే.

తర్వాత ఆమెను నిజమైన మరుపు పట్టుకుంది. నన్ను మా అత్తగారి పేరుతో పిలిచేది. నమాజు చేసి లేచి, చేశానా అని అడిగేది. మనిషి కూడా బాగా చిక్కిపోయింది. మొన్నటి రంజానుకు కొడుకు ఆమె దగ్గర కూర్చుని, "ఇగ రోజాలు వద్దమ్మీ. చాతగానోళ్ళు రోజుకొక పేదోనికి అన్నం పెడితే సరిపోతది" అన్నాడు.

"పెట్టు. నేను రోజా కూడ ఉంట" అంది దాదీ. నలుగురితో పాటు ఆకలి ఓర్చుకుని, నలుగురితో పాటు సాయంత్రం నోరు తడుపుకోవడం ఆమెకు కావాలి. అందులోంచి తనను తీసేస్తారేమోనని ఆమె భయం.

ఉంది కూడా. కాని ఒక మధ్యాహ్నం నేను గోడ దాటి వెళ్ళేసరికి, గిన్నెలో అటుకులు, బెల్లం పెట్టుకుని హాయిగా తింటోంది. నేను నోరు తెరవబోతుంటే ఆమె కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. బలమున్నోళ్ళు మర్చితే చెప్పాలె. బలం లేనోళ్ళకు చెప్పకున్న తప్పు లేదు. అల్లా పెడుతుంటే మనం అడ్డం పోతమా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. తిన్నా రోజా నిలిచే ఉంటుంది, ఒంట్లోకి ఇంత తిండీ పడుతుంది. ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ శాస్త్రం చేస్తుంది? కొన్నాళ్ళు అట్లాగే సాగింది. మధ్యాహ్నం ఆమె తినేది, మేమిద్దరం చూసీ చూడనట్టు ఉండేవాళ్ళం. సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుంటూ ఈ రోజు కూడా నిలబడ్డానన్నట్టు అందరి మొహాలూ చూసేది.

ఒకరోజు ముద్ద నోట్లో ఉండగా గుర్తొచ్చింది. ఆగింది. ఉమ్మేసి, మూతి తుడుచుకుని, తల ఎత్తితే ఎదురుగా మేమిద్దరం.

"మీరు ఎప్పటి సంది చూస్తున్నరు?"

"మొదటి సంది, దాదీ" అన్నాను.

"చెప్పలే."

 బలం లేనివాళ్ళకు చెప్పకపోయినా తప్పు లేదన్న నియమం మాకంటే ముందు ఆమెకే తెలుసు. తన చేతుల వంక చూసుకుంది. కోపం లేదు, చిన్నబోయిన మొహం. "అంటే నేను ఇగ చెప్పదగ్గ మనిషిని కాదన్నట్టు" అంది.

ఆ రాత్రంతా నాకు ఆ మాటే. మా దయ ఆమెను ఎక్కడ కూర్చోబెట్టిందో నాకు అప్పటిదాకా తట్టలేదు. కాని చెప్పడమంటే ఆ ఎండిన చేతిలోంచి ముద్ద లాక్కోవడమే కదా. ఏది మంచిదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

మర్నాడు మళ్ళీ మర్చిపోయి గిన్నె ముందు పెట్టుకుంది. కోడలు నా వైపు చూసి, మొహం అటు తిప్పుకుంది.

"పొద్దు ఇంక ఉంది దాదీ" అన్నాను.

గుప్పిట నోటి దగ్గరే ఆగిపోయింది. నన్నొకసారి చూసి, అటుకులు గిన్నెలో పోసి, వేళ్ళకంటినవి కూడా దులిపేసింది. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది. వసారాలోకి నడిచి, పడమటి వైపు తిరిగి పీట మీద కూర్చుంది. పొద్దు గుంకేదాకా అట్లా నిటారుగా కూర్చునే ఉంది. గోడకు ఆనుకోమని కోడలు రెండుసార్లు చెప్పినా ఆనుకోలేదు.